360 లిక్విడ్ కూలర్ పెట్టినా 100 డిగ్రీలే.. చెన్నై ఎండ తప్పా, నా తప్పా?

వేళచ్చేరి_వాట్స్ (శనివారం రాత్రి 11:42)
అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. నాది ఐ5 13600కె ప్రాసెసర్, ఇంటెల్ వాడు పీ కోర్లకి (గట్టి పని చేసే పెద్ద కోర్లు) ఇచ్చిన క్లాక్, అంటే స్పీడు, 5.1 గిగాహెర్ట్జ్, నేను ఓవర్‌క్లాక్ చేసి అన్ని పీ కోర్లూ 5.5కి, ఈ కోర్లు (కరెంటు తక్కువ తాగే చిన్నవి) 4.3కి ఎక్కించా. రాత్రిళ్ళు బ్లెండర్‌లో (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) రెండర్లు పెట్టుకుని పడుకుంటా కాబట్టి గేమింగ్ వాళ్ళలాగా కాదు, నాకు అన్ని కోర్లూ గంటలు గంటలు ఫుల్లుగా తిరగాలి. మొన్నటిదాకా రెండు టవర్ల ఎయిర్ కూలర్ ఉండేది, దాంతో రెండు నిమిషాలకే 100 కొట్టి క్లాక్ పడిపోయేది. సరే నీళ్ళే దిక్కు అని రిచీ స్ట్రీట్ (మా చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) వెళ్ళి 360 ఎంఎం క్లోజ్డ్ లూప్ కూలర్ (పంప్, ట్యూబులు, రేడియేటర్ అన్నీ సీల్ చేసి వచ్చే నీళ్ళ కూలర్) తెచ్చి ఇవాళ మధ్యాహ్నం బిగించా. పేరు చెప్పను, పేరు చెప్తే చర్చ అటు పోద్ది.

టెస్ట్ ఏంటంటే సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్‌ని ఫుల్లుగా తిప్పి స్కోరు ఇచ్చే సాఫ్ట్‌వేర్), అన్ని కోర్లూ, 30 నిమిషాలు ఆపకుండా. ఫ్యాన్లు ఫుల్లు. ఏసీ ఆపేసి సీలింగ్ ఫ్యాన్ మాత్రమే. మొదటి నిమిషంలో 92, నాలుగో నిమిషానికి 100, అక్కడినుంచి క్లాక్ 5.5 నుంచి 5.3, 5.2 ఇలా ఊగుతానే ఉంది. స్కోరు 25,400. అంటే ఎయిర్ కూలర్ కంటే రెండు నిమిషాలు ఎక్కువ బతికింది అంతే. ఇంత డబ్బు పోసి కొన్నది రెండు నిమిషాల కోసమా?? ఇది మన ఎండల వల్లేనా లేక నేనేమన్నా తప్పు చేసానా? అమ్మ అయితే "కూలర్ అంటే గది చల్లబడుద్ది అనుకున్నా, ఇదేంటి ఇంకా ఉడికిపోతంది" అంటంది.

చేపలపులుసు (శనివారం రాత్రి 11:58)
అబ్బయా రోహిణి కార్తెలో రోళ్ళే పగుల్తాయంటారు, నీ ప్రాసెసర్ పగల్లేదు, అందుకు సంతోషించు. మాది నెల్లూరు, మా ఇంట్లో కుళాయి నీళ్ళే 40 డిగ్రీలు వస్తన్నాయి, నీ కూలర్‌లో నీళ్ళు మాత్రం ఏం చేస్తాయి పాపం. కూలర్ ప్లేటు కింద అంటించి ఇచ్చే ప్లాస్టిక్ కవరు పీకేవా లేదా అది చెప్పు ముందు.

వేళచ్చేరి_వాట్స్ (ఆదివారం 12:03)
పీకా అన్నా :) నలుగురు నవ్వుతారని ముందే ఫోటో కూడా తీసి పెట్టుకున్నా.

సర్క్యూట్_అక్క (ఆదివారం 12:20)
తమ్ముడూ 100 డిగ్రీలు అని ఒక్క అంకె చెప్తే ఎవరికీ ఏం తెల్వదు. ఆ చిప్‌కి 100 అంటే దాని హద్దు, అక్కడికొచ్చాక అదే తనని తాను తగ్గించుకుంటది, అందుకే నీకు 100 కంటే ఎక్కువ ఎప్పుడూ కనపడదు. అసలు కూలర్ ఇంకా ఎంత వెనకబడి ఉందో ఆ అంకెలో దాక్కుంటది. హద్దు తాకిన టెస్ట్‌ని టెస్ట్ అనుకోకు.

నాకు ఇవి కావాలి. గది ఎంత ఉంది, అది దేంతో చూసినవ్. ప్యాకేజ్ వాట్లు (చిప్ మొత్తం లాగేది) మొదట్లో ఎంత, థ్రాటిల్ అయ్యాక, అంటే వేడికి తనని తాను తగ్గించుకున్నాక, ఎంత. లోడ్‌లో వోల్టేజ్ ఎంత, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) పెట్టింది కాదు, లోడ్‌లో కనపడేది. పంప్ ఆర్‌పీఎం ఎంత, దాని వైరు ఏ పిన్నులకి గుచ్చినవ్. నీ కూలర్‌కి నీళ్ళ టెంపరేచర్ చూపించే సెన్సార్ ఉంటే అది నిమిషం నిమిషానికి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అని సెన్సార్ల అంకెలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో లాగ్ ఆన్ చేసి పెట్టు, కళ్ళతో చూసి గుర్తుపెట్టుకున్న అంకెలు నమ్మకు.

గాలివాటం (ఆదివారం ఉదయం 7:15)
నేను ఎప్పుడూ చెప్పేదే అండి, గాలి చాలు. నీళ్ళు వేడిని మింగేయవు, మోసుకెళ్ళి చివరికి గాలికే అప్పజెప్తాయి. మధ్యలో పంప్ అనే ఒక తద్దినం. నా టవర్ కూలర్ తొమ్మిదేళ్ళనుంచి ఉంది, ఫ్యాన్ ఒకసారి మార్చానంతే, మూడు ప్రాసెసర్లు చూసింది. మీ నీళ్ళ డబ్బాలో పంప్ పోతే మొత్తం డబ్బా పారేయాలి.

వేళచ్చేరి_వాట్స్ (ఆదివారం ఉదయం 10:31)
అక్కా లాగ్ తీసా. గది టెంపరేచర్ నిన్న ఫోన్‌లో వెదర్ యాప్ చూసి 36 అనుకున్నా (నవ్వకండి), ఇవాళ పక్క మెడికల్ షాపులో గోడకి తగిలించే డిజిటల్ థర్మామీటర్ కొని రేడియేటర్ గాలి పీల్చుకునే వైపు పెట్టా, 33 చూపిస్తంది. వాట్లు మొదట 236, హద్దు తాకాక 218కి దిగింది. వోల్టేజ్ బయోస్‌లో 1.32 పెట్టా గానీ లోడ్‌లో 1.36 చూపిస్తంది, ఎందుకో అర్థం కాలా. పంప్ 1900 ఆర్‌పీఎం, సీపీయూ ఫ్యాన్ అని రాసున్న పిన్నులకే పెట్టా. నీళ్ళ టెంపరేచర్ ఇలా ఉంది: మొదటి నిమిషానికి 37, మూడో నిమిషం 41, ఐదుకి 43, పదికి 44, ముప్పైకి 46.

నీళ్ళు ఆగకుండా పెరుగుతానే ఉన్నాయి చూడండి. రేడియేటర్ చాలట్లేదు కదా? 420 తీసుకుని ఉండాల్సిందా? షాపు వాడు మార్చిస్తాడేమో అడగనా?

పెరంబూర్_పెద్దాయన (ఆదివారం మధ్యాహ్నం 12:10)
నాయనా, షాపుకి పోకు. కొంచెం కూర్చుని లెక్క వేద్దాం. నేను ముప్పై ఏళ్ళు ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసినవాణ్ణి, కంప్యూటర్ గురించి నాకు తెలిసింది తక్కువ గానీ వేడి గురించి తెలుసు, అది ఎక్కడైనా ఒకటే.

నీ చిప్ 100, నీళ్ళు 44, గది 33. చిప్ నుంచి గదిలోకి వేడి రెండు మెట్లు దిగుతోంది. చిప్ నుంచి నీళ్ళకి మొదటి మెట్టు, 100 లోంచి 44 తీస్తే 56 డిగ్రీల ఎత్తు. నీళ్ళ నుంచి గాలికి రెండో మెట్టు, 44 లోంచి 33 తీస్తే 11. రేడియేటర్ చేతిలో ఉన్నది ఆ రెండో మెట్టు మాత్రమే. దాన్ని నువ్వు ఎంత పెద్దది చేసినా, మేడ మీద నీళ్ళ ట్యాంకంత చేసినా, ఆ 11లోంచే తగ్గాలి, 420 పెడితే రెండు డిగ్రీలు వస్తే గొప్ప. 56 డిగ్రీల మెట్టు వదిలేసి 11 డిగ్రీల మెట్టు చెక్కుతానంటావేం?

ఇంక నీళ్ళు పెరుగుతానే ఉన్నాయన్నావు, అది కూడా చూడు. పదో నిమిషానికి 44 అయింది, ముప్పైకి 46. ముప్పయ్యో నిమిషంలో నీ గది ఎంతుంది? అది రాయలేదు నువ్వు. నేను చెప్తా, 35 ఉండుంటుంది. తలుపేసుకుని కూర్చున్నావు కదా?

వేళచ్చేరి_వాట్స్ (ఆదివారం మధ్యాహ్నం 12:48)
బాబాయ్ గారూ మీరేమన్నా మా ఇంట్లో కెమెరా పెట్టారా!! తలుపేసి మళ్ళీ రన్ చేసి చూసా, 33 నుంచి మొదలైంది, అరగంటకి థర్మామీటర్ 35.1. పది బై పది గది.

పెరంబూర్_పెద్దాయన (ఆదివారం మధ్యాహ్నం 1:05)
మరి చూశావా. 44కీ 33కీ తేడా 11, 46కీ 35కీ తేడా 11. అంటే నీ కూలర్ పది నిమిషాల్లోనే తన స్థితికి వచ్చేసింది, ఆ తర్వాత వేడెక్కింది నీ గది. గోడ దగ్గర సాకెట్‌లో ఎంత లాగుతోంది, ప్రాసెసరూ బోర్డూ మానిటరూ కలిపి 350 వాట్లనుకో, ఇస్త్రీ పెట్టెలో మూడో వంతు. మూసిన గదిలో ఇస్త్రీ పెట్టె మూడో వంతు వేడిలో అరగంట పెట్టి కూర్చుంటే ఏమవుద్ది? ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని డబ్బాలాంటి సందులో బిగించినప్పుడు కూడా ఇదే గోల, తను వదిలిన వేడిగాలి తనే పీల్చుకుంటుంది, కస్టమర్ గ్యాస్ తక్కువైంది అనుకుంటాడు, కొందరు మెకానిక్కులు గ్యాస్ నింపి డబ్బు కూడా తీసుకుంటారు, అది వేరే కథ.

సర్క్యూట్_అక్క (ఆదివారం మధ్యాహ్నం 2:30)
పెద్దాయన గారికి దండం. నేను రాద్దామనుకున్నది ఇంత మంచిగ చెప్పలేకపోదును.

తమ్ముడూ అందుకే కూలర్ టెస్టుల్లో ఉత్త టెంపరేచర్ రాయరు, గది మీద ఎంత ఎక్కువ అన్నది రాస్తరు, డెల్టా అంటరు. యూరప్‌లో ఎవడో 21 డిగ్రీల గదిలో 80 వచ్చింది అంటే డెల్టా 59, నీకు 33లో 92 వచ్చినా అదే 59, రెండు కూలర్లూ సమానమే. నీ కూలర్ వాడి కూలర్ కన్నా పనికిమాలింది కాదు, నీ గది వాడి గది కాదు అంతే. ఇంకొకటి, వాట్లు సమానంగా లేకుంటే డెల్టా కూడా దండగ. 150 వాట్ల దగ్గర అన్ని కూలర్లూ మంచివే.

ఇప్పుడు నీ మొదటి మెట్టు సంగతి. పంప్ 1900 అన్నవ్. డబ్బా మీద ఎంత రాసుందో చూడు. సీపీయూ ఫ్యాన్ పిన్నులకి బోర్డు మామూలుగా ఫ్యాన్ లెక్కన సైలెంట్ కర్వ్ (శబ్దం రాకుండా మెల్లగ తిప్పే సెట్టింగ్) పెడ్తది, పాపం దానికేం తెల్సు అది పంప్ అని. పంప్ అని రాసున్న పిన్నులుంటే అక్కడ గుచ్చు, లేకుంటే బయోస్‌లో ఆ పిన్నులని ఫుల్ స్పీడ్ చెయ్యి. ఒక్కటే మార్చు, రన్ చెయ్యి, రాయి. తర్వాత రెండోది. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో నీకు జన్మలో తెల్వదు.

కొత్తగా_వచ్చా (ఆదివారం సాయంత్రం 4:02)
మధ్యలో దూరినందుకు సారీ అండి, నేనూ ఇలాంటిదే కొందామని చదువుతున్నా. నాకో డౌటు, రెండు ట్యూబులు పట్టుకుని చూస్తే ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉండాలి కదా, మా ఫ్రెండు దాంట్లో రెండూ ఒకేలా ఉన్నాయి, పంప్ పోయినట్టేనా? ఇంకా చెన్నైలో ఉక్కపోత ఎక్కువ కదా, ట్యూబుల మీద చెమట పట్టి బోర్డు మీద నీళ్ళు కారవా? నీళ్ళు తగ్గితే ఆర్‌ఓ వాటర్ పోయొచ్చా?

పెరంబూర్_పెద్దాయన (ఆదివారం సాయంత్రం 5:20)
మంచి ప్రశ్నలే వేశావమ్మా, అమ్మాయివో అబ్బాయివో తెలీదు. ట్యూబుల లెక్క చూడు. ఒక కిలో నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4186 జౌళ్ళు కావాలి. నిమిషానికి ఒక లీటరు తిరుగుతోందనుకుంటే 234 వాట్లకి నీళ్ళు లోపలికెళ్ళి బయటికొచ్చేసరికి వేడెక్కేది మూడున్నర డిగ్రీలలోపే. చేతికి అది తెలియదు. ఒకటి చేయి కాలేట్టు, ఒకటి చల్లగా ఉందంటేనే అనుమానించాలి, నీళ్ళు సరిగ్గా తిరగట్లేదని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

చెమట పట్టదు. చల్లటి చెంబు మీద చెమట ఎందుకు పడుతుంది, అది గాలికంటే చల్లగా ఉంటే. ఈ కూలర్‌లో నీళ్ళు ఎప్పుడూ గదికంటే వేడిగానే ఉంటాయి, దీంట్లో కంప్రెసర్ లేదు కదా గదికంటే చల్లబరచడానికి. ఉక్కపోతకి నువ్వు భయపడాలి గానీ అది కాదు.

ఆర్‌ఓ నీళ్ళ సంగతి కంప్యూటర్ వాళ్ళే చెప్పాలి.

సర్క్యూట్_అక్క (ఆదివారం సాయంత్రం 5:41)
పోయొద్దు. క్లోజ్డ్ లూప్ అంటేనే తెరవొద్దని. చిప్ మీద ఆనే ప్లేట్ రాగి, రేడియేటర్ చాలావాటిల్లో అల్యూమినియం, రెండు లోహాలు ఒకే నీళ్ళలో ఉంటే తినేస్తయి, అందుకే కంపెనీ వాడు గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టకుండా మందు కలిపి సీల్ చేస్తడు. నువ్వు ఆర్‌ఓ నీళ్ళు పోస్తే మందు పలచనైతది, వారంటీ ఎట్లాగూ పోతది. ఏళ్ళు గడుస్తుంటే రబ్బరు ట్యూబుల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరి బయటికి పోతది, లోపల గాలి చేరుతది, అది మామూలే. ఆ గాలి పైకి చేరుతది కాబట్టి రేడియేటర్ పైభాగం పంప్ కంటే ఎత్తులో ఉండాలె. పంపే అన్నిటికంటే పైన ఉంటే గాలి అంతా పంప్‌లోకి వచ్చి గరగర అంటది, అట్లనే వదిలేస్తే అది ఎక్కువ కాలం బతకదు.

గాలివాటం (ఆదివారం సాయంత్రం 6:00)
గాలి కూలర్‌లో గాలి చేరితే ఎవరికీ భయం లేదండి. ఊరికే చెప్తున్నా.

వేళచ్చేరి_వాట్స్ (ఆదివారం రాత్రి 9:15)
మొదటి మార్పు రిజల్ట్. పంప్ డబ్బా మీద 2800 ప్లస్సో మైనస్సో అని ఉంది. పంప్ పిన్నులకి మార్చా, ఇప్పుడు 2850. చిన్న ఈల లాంటి శబ్దం వస్తంది, రాత్రి పూట తెలుస్తంది, ఫ్యాన్ల శబ్దంలో కలిసిపోద్దిలే. గది 33 (తలుపు తీసి పెట్టా ఈసారి, అమ్మకి దోమలొస్తాయని కోపం), 234 వాట్లు, నీళ్ళు 44, చిప్ 99. అప్పుడప్పుడూ ఒక కోర్ 100 ముట్టుకుంటంది గానీ క్లాక్ దాదాపు 5.5 దగ్గరే నిలబడింది.

బాబాయ్ గారి లెక్క ప్రకారం చేసి చూసా. ముందు 218 వాట్లకి మొదటి మెట్టు 56, ఇప్పుడు 234 వాట్లకి 55. వాట్లు పెరిగినా మెట్టు కొంచెం తగ్గింది. వాట్‌కి 0.257 డిగ్రీల నుంచి 0.235కి వచ్చింది. ఈ భాగహారం చేసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, టెంపరేచర్ 100 నుంచి 99 అంటే ఏం మారలేదనుకునేవాణ్ణి.

రిచీవీధి_రెగ్యులర్ (ఆదివారం రాత్రి 10:05)
తమ్ముడూ నేను రిచీ స్ట్రీట్‌లోనే ఒక అసెంబ్లింగ్ షాపులో చేస్తా, మాది చిత్తూరు. నీ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఎల్‌జీఏ1700 కదా, దానికొక రోగముంది. లివర్ నొక్కినప్పుడు క్లిప్పు ప్రాసెసర్‌ని మధ్యలో రెండు పక్కల పట్టి నొక్కుద్ది, ప్రాసెసర్ పొడుగ్గా ఉంటది కాబట్టి చిన్నగా వంగుద్ది, మధ్యలో పల్లం పడుద్ది. కూలర్ ప్లేటు అంచుల్లో ఆనుద్ది, మధ్యలో పేస్టు (వేడి దాటడానికి రెండిటి నడుమ పూసేది) మందంగా నిలుస్తాది. దీనికి కాంటాక్ట్ ఫ్రేమ్ అని వస్తాది, అసలు క్లిప్పు తీసేసి అది బిగిస్తే చుట్టూ సమానంగా పట్టుకుంటాది. థర్మల్‌రైట్‌దీ ఉంది, థర్మల్ గ్రిజ్లీదీ ఉంది, రెండో దానికి రేటెక్కువ. ఇంటెల్ మాత్రం వంగడం వల్ల పనితీరుకి ఇబ్బంది లేదనే చెప్పింది, సాకెట్‌ని కదిలిస్తే వారంటీ పోవచ్చు కూడా, అది నీ ఇష్టం.

కూలర్ తీసినప్పుడు పేస్టు ఎట్లా అంటుకునిందో ఫోటో పెట్టు, చూస్తే చెప్పేస్తా. ఇంకోమాట, స్క్రూలు గట్టిగా బిగించేస్తే పిన్నులు వంగి ర్యామ్ ఒక ఛానల్ కనపడకుండా పోతాది, వేలితో ఆగేదాకా తిప్పి ఆపైన ఎదురుబొదురు మూలలకి కొంచెం కొంచెం, పావు తిప్పు. వారానికొకరు వస్తారు మా దగ్గరికి, ర్యామ్ పోయిందన్నా అని. ర్యామ్ పోదు, స్క్రూ ఎక్కువైంటాది.

వేళచ్చేరి_వాట్స్ (సోమవారం రాత్రి 10:50)
ఆఫీసు నుంచి వస్తా వస్తా ఫ్రేమ్ తెచ్చా. షోళింగనల్లూర్ నుంచి మౌంట్ రోడ్ వెళ్ళి మళ్ళీ వేళచ్చేరి, ఈ ట్రాఫిక్‌లో, దీనికోసం, మా టీమ్ లీడ్‌కి డెంటిస్ట్ అని చెప్పా.

కూలర్ తీస్తే రెగ్యులర్ అన్న చెప్పినట్టే ఉంది, రెండు అంచుల దగ్గర పేస్టు పలచగా లోహం కనపడేంత, మధ్యలో ముద్ద. ఫ్రేమ్ బిగించా, పావు తిప్పులు లెక్కపెట్టుకుంటా, ర్యామ్ రెండు ఛానళ్ళూ వచ్చాయి దేవుడి దయ. పేస్టు పాతదే, ట్యూబ్‌లో మిగిలింది, కావాలనే మార్చలా.

గది 33, 232 వాట్లు, నీళ్ళు 44, చిప్ 93. స్కోరు 26,300. మొదటి మెట్టు 49, వాట్‌కి 0.21. ఆరు డిగ్రీలు తగ్గింది అక్కా!! రేడియేటర్‌ని ముట్టుకోకుండా!

చేపలపులుసు (సోమవారం రాత్రి 11:02)
ఏంది అబ్బయా మొన్న కూలర్ వెనక్కిచ్చేస్తానన్నావ్, ఇప్పుడు భాగహారాలు చేస్తన్నావ్. చదువుకునే రోజుల్లో ఇంత ఇంట్రెస్ట్ ఉంటే ఐఐటీ మద్రాస్‌లో సీటొచ్చి ఉండేది, వేళచ్చేరికి దగ్గరే గదా.

సర్క్యూట్_అక్క (సోమవారం రాత్రి 11:30)
శభాష్. ఇగ అసలు విషయానికొద్దాం, నేను మొదటినుంచీ అడుగుదామనుకున్నది. లోడ్‌లో 1.36 ఎందుకు? 1.32 పెడితే లోడ్‌లో కొంచెం తగ్గాలె, పెరిగిందంటే నీ బోర్డు లోడ్‌లైన్ సెట్టింగ్ (లోడ్‌లో వోల్టేజ్ పడిపోకుండా ఎత్తిపట్టేది) అతి చేస్తుంది. దాన్ని మధ్యస్థంగా పెట్టు. వేడికి అసలు మూలం వాట్లు, వాట్లకి మూలం వోల్టేజ్. వోల్టేజ్ పెరిగితే వాట్లు దాని వర్గంతో పెరుగుతయి, క్లాక్ పెరిగితే క్లాక్ అంతే పెరుగుతయి. 5.5 కోసం ఆఖరి 100 మెగాహెర్ట్జ్‌కి నువ్వు ఎంత కడుతున్నవో చూసుకో. 5.4కి దించి 1.27 దగ్గర నిలబడుతదేమో చూడు.

ఇంకా బయోస్ పాతదైతే ముందు కొత్తది వేసుకో. 13, 14 తరం చిప్పులు వోల్టేజ్ ఎక్కువ అడిగి పాడవుతున్నయని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి అని మైక్రోకోడ్‌లు (బయోస్‌తో పాటు వచ్చే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. అవి పాడైనదాన్ని బాగుచెయ్యవు, పాడవకుండా ఆపుతయి అంతే. ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళం మనకి ఇంకా జాగ్రత్త కావాలె.

పెరంబూర్_పెద్దాయన (మంగళవారం ఉదయం 6:10)
అమ్మాయి చెప్పిన సూత్రంతో ముందే జోస్యం చెప్తా, తప్పైతే తిట్టండి. 1.27ని 1.36తో భాగించి వర్గం చేస్తే 0.872. 5.4ని 5.5తో భాగిస్తే 0.982. రెండూ గుణిస్తే 0.856. 232 వాట్లని దాంతో గుణిస్తే 199 వాట్లు. వాట్‌కి 0.21 చొప్పున మొదటి మెట్టు 42, రెండో మెట్టు తొమ్మిదిన్నర. గది 33 అయితే 84, 85 రావాలి.

వేళచ్చేరి_వాట్స్ (బుధవారం రాత్రి 1:20)
పడుకోలేదు ఇంకా. 1.25 దగ్గర 20 నిమిషాలకి బ్లూ స్క్రీన్, 1.26 దగ్గర సినీబెంచ్ పాసయింది గానీ ఓసీసీటీలో (ఇంకా గట్టిగా పరీక్షించే సాఫ్ట్‌వేర్) ఎర్రర్లు, 1.27 దగ్గర గంటసేపు ఓసీసీటీ, తర్వాత అలాంటిదే వై క్రంచర్, రెండూ పాస్. సినీబెంచ్ పాసైతే స్టేబుల్ అనుకునేవాణ్ణి, అది ఉత్తిదే అని ఇవాళ తెలిసింది.

192 వాట్లు! నీళ్ళు 42, చిప్ 82, గది 33. డెల్టా 49. స్కోరు 25,900. అంటే స్కోరులో ఒకటిన్నర శాతం పోయింది, 11 డిగ్రీలూ 40 వాట్లూ పోయాయి. బాబాయ్ గారూ మీరు 199 అన్నారు, 7 వాట్లు ఇంకా తక్కువే వచ్చాయి, ఎందుకంటారు?

సర్క్యూట్_అక్క (బుధవారం ఉదయం 9:05)
అది లీకేజ్. చిప్ ఎంత వేడిగా ఉంటే పని చెయ్యకున్నా అంత కరెంటు కారిపోతది. 93 నుంచి 82కి వచ్చింది కదా, ఆ కారేది కూడా తగ్గింది, వోల్టేజ్ తగ్గడంతో ఇంకొంత. పెద్దాయన సూత్రంలో అది లేదు, అందుకే ఆయన లెక్క కొంచెం పైన పడ్డది.

పెరంబూర్_పెద్దాయన (బుధవారం ఉదయం 9:40)
ఇది నాకు కొత్త. మా కంప్రెసర్ మోటార్లలో వేడెక్కితే రాగి తీగకి నిరోధం పెరుగుద్ది, అక్కడా నష్టమే గానీ ఇలా ఊరకే కారిపోవడం లేదు. ఈ వయసులో ఒక ముక్క నేర్చుకున్నా.

గాలివాటం (బుధవారం మధ్యాహ్నం 1:15)
ఇన్ని రోజులూ ఓపికపట్టా. బాబూ, మీ పాత ఎయిర్ కూలర్‌ని 236 వాట్లతో, వంగిన ప్రాసెసర్ మీద, 1.36 వోల్టులతో టెస్ట్ చేసి పనికిరాదన్నారు. నీళ్ళ కూలర్‌కేమో నాలుగు రోజులు సేవ చేసి 192 వాట్లకి దించి 82 అని చంకలు గుద్దుకుంటున్నారు. ఇదెక్కడి న్యాయమండీ? అదే సెట్టింగులతో, అదే ఫ్రేమ్‌తో, ఎయిర్ కూలర్ మళ్ళీ పెట్టి చూడండి. చూశాక మాట్లాడదాం.

సర్క్యూట్_అక్క (బుధవారం మధ్యాహ్నం 1:30)
ఆయన అన్నది కరెక్ట్. ఒప్పుకోవాలె.

వేళచ్చేరి_వాట్స్ (గురువారం రాత్రి 11:35)
పెట్టా. మళ్ళీ మొత్తం ఊడదీసి. నా వేళ్ళన్నీ పేస్టే, కీబోర్డు మీద కూడా. రెండు టవర్ల ఎయిర్ కూలర్, అదే 5.4, అదే 1.27, ఫ్రేమ్ ఉంది, ఫ్యాన్లు ఫుల్లు, గది 33. చిప్ 91, వాట్లు 195. డెల్టా 58. ఎక్కడా థ్రాటిల్ అవ్వలా, అరగంట మొత్తం 5.4 నిలబడింది, స్కోరు 25,880.

నీళ్ళకీ గాలికీ తేడా 9 డిగ్రీలు. స్కోరులో తేడా లేదనే చెప్పాలి. గాలివాటం గారూ మీరు ఎన్ని మాటలన్నా పడతా ఇవాళ.

గాలివాటం (శుక్రవారం ఉదయం 7:02)
నేనేమీ అనను అండి. నవ్వుకుంటున్నా అంతే. కాకపోతే నిజం చెప్పాలిగా, మీరు రాత్రంతా రెండర్ పెట్టి గది 36, 37కి ఎక్కితే నా కూలర్ 95కి వెళ్తుంది, మీది 86 దగ్గర ఉంటుంది. చెన్నైలో మే నెలకి ఆ తొమ్మిది పనికొస్తాయి. మా రాజమండ్రిలో కూడా పనికొచ్చేవి, నేను పెట్టలేదు గానీ.

రిచీవీధి_రెగ్యులర్ (శుక్రవారం ఉదయం 10:20)
ఇదేదో పెళ్ళి సంబంధం కుదిరినట్టుందే. 2009లో కోర్సెయిర్ హెచ్50 వచ్చినప్పటినుంచీ ఈ గాలీ నీళ్ళ కొట్లాట చూస్తాండా, గాలివాళ్ళు నీళ్ళకి మంచి మాట చెప్పడం ఇదే మొదలు.

కొత్తగా_వచ్చా (శుక్రవారం మధ్యాహ్నం 12:44)
మొత్తం చదివాను అందరికీ థాంక్స్. నాది అదే 13600కె, ఓవర్‌క్లాక్ చెయ్యను, మామూలుగా వదిలేస్తా, గేములు కొంచెం కోడింగ్ కొంచెం. నాకు ఏది కావాలి?

సర్క్యూట్_అక్క (శుక్రవారం మధ్యాహ్నం 1:10)
మామూలుగా దాని పై హద్దు 181 వాట్లు, గేముల్లో అయితే అందులో సగం చాలాసార్లు. ఎయిర్ కూలర్ కొనుక్కో, మిగిలిన డబ్బులు ఎస్‌ఎస్‌డీకి పెట్టు. బయోస్‌లో పవర్ లిమిట్ మాత్రం చూసుకో, కొన్ని బోర్డులు దాన్ని అడగకుండానే ఎత్తేసి 4095 వాట్లు అని పెడ్తయి, నీకు తెలియకుండానే ఓవర్‌క్లాక్ వాడి బాధలు నీకొస్తయి.

వేళచ్చేరి_వాట్స్ (శుక్రవారం రాత్రి 8:30)
నీళ్ళ కూలర్ మళ్ళీ ఎక్కించా (ఈ వారంలో కూలర్ బిగించడం నాలుగోసారి, ఇంక తియ్యను). పంప్ 2400 దగ్గర పెడితే ఈల పోయింది, ఒక డిగ్రీ పెరిగింది, ఖాయం చేసేసా. 5.4 సేవ్. రెండర్ పెట్టేటప్పుడు హాల్ వైపు తలుపు తీసి కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తున్నా, గది 34 దాటట్లేదు, దోమల కోసం కిటికీకి మెష్ కొట్టించమని అమ్మ ఆర్డర్. ఏసీ వేసుకుని రెండర్ పెడదామనుకున్నా గానీ రెండు నెలల కరెంటు బిల్లు 500 యూనిట్లు దాటితే స్లాబ్ మారిపోద్ది, మా నాన్న నన్నే రెండర్ చేస్తాడు.

కొత్తగా_వచ్చా గారూ, నా ఎయిర్ కూలర్ ఖాళీగా ఉంది, ఎల్‌జీఏ1700 క్లిప్పులు అన్నీ ఉన్నాయి, డబ్బా కూడా ఉంది. చెన్నైలోనే అయితే మెసేజ్ పెట్టండి, సగం రేటుకి ఇచ్చేస్తా.

కొత్తగా_వచ్చా (శుక్రవారం రాత్రి 8:41)
తాంబరం అండి. మెసేజ్ పెట్టా చూడండి.

గాలివాటం (శుక్రవారం రాత్రి 8:55)
ఫ్యాన్‌కి రబ్బరు పిన్నులు ఉన్నాయా లేదా చూసుకుని తీసుకోండి, పాతబడితే అవే ముందు తెగుతాయి.